పునరుత్థాన పండుగ విందులో మన కాలపు కూరలు

(స్త్రీల సమాజ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శత వత్సరోత్సవముల వేళ పెద్దలు గుడుల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర చెబుతున్నారు. నన్ను మాత్రము ఈస్టరు పండుగనాటి వంటను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బడిపంతులమ్మగా పనిచేసి విరమించినదానను. వంటలో నాకంటె చెయ్యి తిరిగిన అక్కలు ఈ చాపల మీదనే అరవైమంది కూర్చొని ఉన్నారు. వారికి ఉప్పు పులుపు నేర్పుటకు నేను నిలువబడలేదు. పండుగ విందులో కూరగాయకు, ఆకుకూరకు మనము ఇచ్చిన స్థానమేమిటి, ఇయ్యవలసిన స్థానమేమిటి అని ఆలోచించుటకు మాత్రమే నిలువబడినాను.

చెప్పదలచిన మాట ముందే చెప్పివేస్తాను. మన కాలపు కూర, మన నేల కూర పండుగ బల్ల మీద ఉండుట చిన్నతనము కాదు. అది గౌరవముగా ఉన్న బల్ల దగ్గర బీదవాడు కూడ తలెత్తుకొని కూర్చోగలుగుతాడు.

మొదట పండుగ కాలమును గమనించుదాము. క్రిస్మసు ఏటా డిసెంబరు 25నే వస్తుంది. ఈస్టరు అట్లు కాదు. మార్చి 21ననో ఆ తరువాతనో వచ్చే పున్నమి దాటిన తొలి ఆదివారము ఈస్టరు. అందుచేత అది మార్చి 22 మొదలుకొని ఏప్రిల్ 25 లోపల ఏనాడైనా రావచ్చును. 2008లో మార్చి 23న వచ్చినది. 2011లో ఏప్రిల్ 24న వచ్చినది. 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న. మన పల్లె లెక్కలో చెప్పవలెనంటే ఒక ఏడు హోలీ పున్నమి దాటిన వారములోనే వస్తుంది, మరొక ఏడు ఉగాది కూడ పోయి చైత్ర పున్నమి తరువాత వస్తుంది.

ఈ నెల రోజుల తేడా మన ఇందూరు ప్రాంతపు వంటయింటికి చాల పెద్ద తేడా. ఈస్టరు మార్చిలో పడినదా, చలికాలపు కూరలు ఇంకా అంగడిలో ఉంటవి. చివరి కాపు చిక్కుడుకాయ, గోబీ, క్యాబేజీ, పాలకూర, మెంతికూర, సోయకూర దొరుకుతవి. ఏప్రిల్ మూడవ వారములో పడినదా, అవన్నీ వెళ్లిపోయి ఉంటవి. చిక్కుడు పాదు ఎండిపోతుంది, మెంతికూర ఎండకు నిలువదు. అప్పుడు మనకు దిక్కు మునగకాయ, మామిడికాయ, చింతచిగురు, పుంటికూర, గంగవాయిలి కూర, దోసకాయ, ఆనపకాయ, బీరకాయ, గోకరకాయ. కనుక పండుగకు ఏమి వండుదామని అడుగవలసినది ముందుగా క్యాలెండరును, తరువాత అంగడిని. మనము అట్లు అడుగుట మరచిపోయినాము. ఏ తేదీన వచ్చినా ఒకటే మాట, బిర్యానీ.

మనకు సువార్త తెచ్చిన మిషనెరీల దేశములో ఈస్టరు వసంత కాలమున వస్తుంది. మంచు కరిగి, పచ్చిక మొలిచి, నేలలోనుండి కొత్త పూలు లేచే సమయమది. అక్కడివారు గొర్రెపిల్ల మాంసముతోపాటు ఆ ఋతువులో మొదట దొరికే లేత కాడలు, లేత బఠానీలు, కొత్త ఆలుగడ్డలు బల్ల మీద పెట్టుకొంటారు. మన ఈస్టరు కార్డుల మీది తెల్లని లిల్లీ పూలు ఆ దేశపు వసంతమునకు గురుతు. అయితే ఆ రోజులలో మన పొలములు ఎట్లుంటవి? చెరకు కొట్టిన చేను మోడుగా ఉంటుంది. పసుపు తవ్విన మడి పెళ్లలుగా ఉంటుంది. ఎండ నలుబది డిగ్రీల వైపు ఎక్కుతూ ఉంటుంది. నేల చూస్తే జీవము లేచిన పండుగ అనిపించదు.

తల ఎత్తి చూడండి. చింతచెట్టు పాత ఆకు రాల్చి ఎర్రని చిగురు వేస్తుంది. వేప కొత్త ఆకు తొడిగి పూతకు వస్తుంది. రావి చెట్టు రాగిరంగు ఆకులతో మెరుస్తుంది. మునగ కొమ్మలు కాయల బరువుకు వంగుతవి. మన దేశములో పునరుత్థానపు గురుతు నేల మీద కాదు, చెట్టు మీద కనబడుతుంది. నీరు లేని కాలములో, ఎండ ముదిరే కాలములో ఆ చిగురు వస్తుంది. లిల్లీ పూలకంటె చింతచిగురే మనకు సరియైన ఈస్టరు గురుతని నాకనిపిస్తుంది.

ఈ పండుగకు మూలమైన పస్కా విందులో కూడ ఆకుకూర ఉన్నదని మనము గమనించవలెను. నిర్గమకాండము 12వ అధ్యాయములో గొర్రెపిల్ల మాంసముతోపాటు పులియని రొట్టె, చేదు కూరలు తినవలెనని ఆజ్ఞ ఉన్నది. మనము గొర్రెపిల్లను మాత్రము జ్ఞాపకము పెట్టుకొని చేదు కూరలను విడిచిపెట్టినాము. యూదులు ఈనాటికిని ఆ విందులో చేదైన ఆకునో, ఘాటైన దుంపనో తింటారు. లేత ఆకును ఉప్పునీటిలో ముంచి తింటారు. దాసత్వములో పడిన కష్టము, కార్చిన కన్నీరు మరువకుండుటకు ఆ ఆచారము. ఆ పండుగ రోజులలోనే అక్కడ యవల కోత మొదలవుతుంది, పూర్వము తొలి పన దేవునికి అర్పించేవారు. మనకు కోత పండుగ వేరుగా ఉన్నది. ఆనాడు గుమ్మడికాయలు, ఆనపకాయలు, కూరకట్టలు గుడిలోనికి తెచ్చి వేలము వేస్తాము. గుడిలో బలిపీఠము ముందు పెట్టదగిన కూర, పండుగ విస్తరిలో పెట్టదగనిది ఎట్లయినది?

దీనికి జవాబు నా సొంత బ్రతుకులో ఉన్నది. చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది, అయినను చెబుతాను.

మాది బోధనుకు దగ్గరి పల్లె. మా నాయన, అమ్మ చెరకు తోటలలో కూలి చేసేవారు. చలికాలములో మొదలైన చెరకు కొట్టుడు ఎండలు ముదిరేసరికి ముగిసేది. ఆ చివరి పైసలు చేతికి వచ్చే రోజులలోనే ఈస్టరు పడేది. అందుకే మా వాడకట్టులో ఈస్టరు అంటే కొత్త బట్టలు, మాంసము. నేను ఐదవ తరగతి చదివే ఏడు మా వాళ్లకు రావలసిన కూలి పండుగ లోపల చేతికి రాలేదు. ఎవరు ఇయ్యలేదన్నది ఇప్పుడు అనవసరము. మా నాయన అప్పు తెస్తానని తువాల భుజాన వేసుకొని బయలుదేరినాడు. మా అమ్మ వాకిట్లో అడ్డము నిలిచి, “పండుగ దేవునిది, మాంసం కొట్టెటోనిది కాదు. పోయి కూసో” అన్నది.

మా ఊరిలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన జరిగేది. ఆ తోట గట్టున ఒక చింతచెట్టు ఉండేది. కొమ్మలు కిందికి వాలి చేతికి అందేవి. ఆరాధన అయిన తరువాత అందరు ఒకరికొకరు చేతులు కలుపుకొంటూ ఉంటే మా అమ్మ ఆ చెట్టు కింద నిలబడి చిగురు దూసి ఒడిలో నింపుకొన్నది. దారిలో కాలువ గట్టున గంగవాయిలి కూర తెంపినది. పెరటి మునగచెట్టు కాయ ఉండనే ఉన్నది. ఆ పూట మా ఇంట చింతచిగురు పప్పు, మునగకాయ పులుసు, గంగవాయిలి కూర, జొన్నరొట్టె, బెల్లము వేసిన పాయసము.

నేను వంట చూచి ఏడ్చినాను. పక్క ఇండ్లనుండి మసాలా వాసన వస్తున్నది. ఇంతలో సైకిలు మీద అయ్యగారు మా వాకిట్లో దిగినారు. పండుగనాడు ఇంటింటికి వచ్చి ప్రార్థన చేయుట వారి అలవాటు. నేను గబగబ పప్పుగిన్నె ఎత్తి తలుపు వెనుక దాచినాను. అయ్యగారు మా ఇంట చింతచిగురు చూస్తే మా బీదతనము చూచినట్లేనని నా చిన్న బుద్ధికి తోచినది. మా అమ్మ చూచినది. అందరి ముందు నన్ను ఒక్క మాట అనలేదు. “గిన్నె ఇటు తే బిడ్డా, సల్లారిపోతది” అన్నది, అంతే.

అయ్యగారు పీట మీద కూర్చొని ప్రార్థన చేసి, “అమ్మా, పొద్దటినుంచి మూడు ఇండ్లలో మాంసమే తిన్నాను. ఆ పప్పు కొంచెము ఎక్కువ వేయండి” అన్నారు. మా నాయన నవ్వినాడు. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ గిన్నె దాచిన చేతులు ఇవే అని నేను ఈనాటికిని మరువలేదు.

ఎందుకు సిగ్గుపడినాను? ఆ కూరలు కొన్నవి కావు, ఏరుకొన్నవి. ఏరుకొని తినువారు కూలివారు. మన సంఘములలో చాలామంది తాతముత్తాతలు భూమి లేనివారు. కరువు వచ్చినప్పుడు వారి ప్రాణము నిలిపినవి గట్ల మీది ఆకులే. పొన్నగంటి, తుమ్మికూర, చెంచలికూర, గునుగు, గంగవాయిలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహా దేవాలయమును మనము గర్వముతో చెప్పుకొంటాము. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజులలో ఆ కట్టడపు పని కల్పించి ఆకలిగొన్నవారికి కూడు పెట్టినారని మన పెద్దలు చెప్పేవారు. మన పక్కనున్న డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి ఆరంభించినారు. లోకము పక్కన కూర్చొని తినుటకు భయపడిన వారిని ఆమె దగ్గరకు తీసినారు. మన చరిత్ర అంతా ఒక విధముగా బల్ల చరిత్రే. ఎవరు కూర్చోవచ్చును, ఎవరు కూర్చోరాదు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుటయే. అటువంటి సంఘములో కూరను బట్టి మనిషిని కొలుచుట మనకు తగదు.

ఇక మన ప్రాంతపు సంగతి. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో పూర్తి అయిన నిజాంసాగరు వలన బోధను, వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు కాలువ నీరు పారినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. దాని చుట్టు షక్కర్‌నగర్ వెలసినది. ఒకప్పుడు ఆసియా అంతటిలో పెద్దదని పేరు పొందిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కాలువ నీరు చూచి కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొన్నారు. వారితో కూలివారు వచ్చినారు, వారిలో విశ్వాసులును ఉన్నారు. సరిహద్దు అవతలినుండి మరాఠీవారు వచ్చినారు. అందుచేత మన బోధను బల్ల మీద ఒకే కూరకు మూడు పేర్లు. మనము పుంటికూర అంటాము, క్యాంపువారు గోంగూర అంటారు, మరాఠీవారు అంబాడి అంటారు. మన ఆనపకాయ వారికి సొరకాయ, మన గోకరకాయ వారికి గోరుచిక్కుడు, మన ఆలుగడ్డ వారికి బంగాళదుంప. నా పెండ్లి అయిన కొత్తలో క్యాంపునుండి వచ్చిన ఒక అక్క గోరుచిక్కుళ్లు తెమ్మంటే నేను చిక్కుడుకాయలు తెచ్చి ఇచ్చినాను. ఆమె ఏమనక వండిపెట్టినది, అప్పటినుండి స్నేహితులమైనాము. పేరు ఏదైనా విస్తరిలో కలిసిన తరువాత ఒకటే రుచి.

చెరకు చేనుకు కూరగాయ శత్రువు కాదు. చెరకు నాటిన తొలి రెండు మూడు నెలలు సాళ్ల నడుమ ఖాళీ ఉంటుంది. పాతకాలపు రైతులు ఆ జాగాలో ఉల్లి, కొత్తిమీర వంటి త్వరగా చేతికి వచ్చే పంటలు వేసి ఇంటి ఖర్చు వెళ్లదీసుకొనేవారు. కాలువ తేమకు గట్ల మీద ఆకుకూర దానంతటది మొలిచేది. కలుపు మందులు వచ్చిన తరువాత గట్టు మీది ఆకు తగ్గిపోయినది. జహీరాబాదు వైపు పస్తాపూరులోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారు, అక్కడి పల్లె స్త్రీలు కలిసి, విత్తకనే మొలిచే ఇటువంటి కూరలు కలుపు కాదు, ఆహారమని చాల ఏండ్లుగా చెబుతూ వచ్చినారు. మనము ఆ మాట వినవలెను. అయితే ఒక జాగ్రత్త. మందు కొట్టిన చేనిలోనిది, మురికి కాలువ పక్కది ఆకు ఎంత పచ్చగా ఉన్నను కోయరాదు. చేను గలవారిని అడిగి, మందు కొట్టలేదని తెలిసిన తరువాతనే తెంపవలెను.

ఇప్పుడు వంట సంగతి. నేను మాంసము మానుమని చెప్పుట లేదు. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. పండుగనాడు మాంసము తినుట తప్పు కాదు. నేను చెప్పేది, మాంసము పక్కన కూరను నిలబెట్టుడని. మన అమ్మలకు తెలిసిన ఉపాయము ఒకటున్నది. పుంటికూర వేసిన మాంసము, చింతచిగురు వేసిన మాంసము, దోసకాయ వేసిన మాంసము, మునగకాయ వేసిన మాంసము. కిలో మాంసము వట్టిగా వండితే ఎనిమిదిమందికి చాలీచాలకుండ వస్తుంది. సరిసమానముగా కూర కలిపితే పన్నెండుమంది తృప్తిగా తింటారు. పులుపు మాంసమును మెత్తబరచి రుచి తెస్తుంది. అప్పు తగ్గుతుంది, కడుపు బరువు తగ్గుతుంది.

కడుపు మాట ఎందుకన్నానంటే, మనలో అనేకులు నలుబది దినములు మాంసము మాని, శుక్రవారములు ఉపవాసముండి, ఈస్టరునాడు ఒక్కసారిగా నూనె, మసాలా, మాంసము తిని సాయంత్రానికి మందుల దుకాణము వెదుకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మనిషి రోజుకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినవలెనని చెప్పినారు. మన పండుగ విస్తరిలో నిమ్మచెక్క, ఉల్లిచెక్క తప్ప మరేమున్నది? ఆకుకూరలో ఇనుము ఉన్నది. దానిని శరీరము పట్టుకొనుటకు పులుపు సాయము చేస్తుంది. మామిడికాయ, నిమ్మకాయ పక్కన ఉంటే ఆకుకూర ఫలితము పెరుగుతుంది. రక్తము తక్కువగా ఉన్న మన ఆడపిల్లలకు ఇది మంచి మాట.

మార్చిలో వచ్చే ఈస్టరుకు నేను సూచించే వంట ఇది. చివరి కాపు చిక్కుడుకాయ ఉల్లికాడలతో వేపుడు, పాలకూర పప్పు, సోయకూర కలిపిన ఆలుగడ్డ, లేత మునగకాయ టమాట, కొత్త చింతపండుతో పచ్చిపులుసు, నువ్వుల పొడి. ఏప్రిల్‌లో వచ్చే ఈస్టరుకు మామిడికాయ పప్పు లేక చింతచిగురు పప్పు, పుంటికూర పచ్చడి, నువ్వులు వేసిన బీరకాయ, ఆనపకాయ పెరుగు పచ్చడి, కీర ముక్కలు, మామిడికాయ పచ్చిపులుసు. చివర బెల్లము పరమాన్నము. ఎండ పూట తర్బూజ ముక్క. రెండింటికిని అన్నముతోపాటు జొన్నరొట్టె. చెరకు పండించే సీమలో పండుగ తీపికి బెల్లము ఉండగా సీసా పానీయము ఎందుకు?

కొన్ని చిన్న జాగ్రత్తలు చెబుతాను. చింతచిగురు ఎర్రగా, గోటితో గిల్లితే తెగేటట్లు ఉండవలెను. ముదిరి పచ్చబడితే పీచు. ఈనెలు తీసి, అరచేతుల నడుమ నలిపి, పప్పు ఉడికిన తరువాతనే వేయవలెను. ముందు వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. మునగకాయ వంచితే వంగవలెను, లోపల గింజ ఉబ్బి ఉంటే విడువండి. ఆనపకాయ, బీరకాయ, దోసకాయ కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ధర చూడక పారవేయండి. అది గ్రంథములోని చేదు కూర కాదు. చేదు ఆనపకాయ వాంతులు, విరేచనములు కలిగించి ప్రాణము మీదికి తెస్తుంది. గంగవాయిలి కూరలో పులుపు ఉప్పులు ఎక్కువ. మూత్రపిండములలో రాళ్లున్నవారు ఆ కూరను, పాలకూరను మితముగా తినవలెను. ఆకుకూర ముందు రాత్రి వండి పెట్టవద్దు. ఏప్రిల్ ఎండలో వండిన పదార్థము బయట రెండు గంటలకు మించి ఉండుట మంచిది కాదు. పచ్చడి, పొడి ముందురోజు చేసుకొనవచ్చును. పప్పు, కూర మాత్రము ఆరాధన నుండి వచ్చి పొయ్యి మీద పెట్టండి. అందుకే వంట తేలికగా ఉండవలెను. సూర్యోదయ ఆరాధనకు స్త్రీలు రాలేకపోవుటకు కారణము చాల ఇండ్లలో ఆ బిర్యానీ గంజే. ఖాళీ సమాధిని మొదట చూచినవారు స్త్రీలు. వారి కూతుళ్లు ఆ వేళ పొయ్యి ముందు కూర్చొనుట న్యాయమా?

ఇప్పుడు చివరి మాట, నాకు కష్టమైన మాట. కొన్ని ఏండ్ల క్రితము నేను మరొక ఊరి సంఘములో ఉన్నప్పుడు ఈస్టరు ప్రేమ విందుకు తల ఒక్కింటికి ఇంత అని చందా పెట్టినాము. రసీదు పుస్తకము నా చేతిలోనే ఉన్నది. విందు ఘనముగా చేయవలెనని పట్టుపట్టినవారిలో నేనొకదానను. చందా కొరకు ఇల్లిల్లు తిరుగుతూ ఒక ఇంటికి వెళ్లినాను. ఆ ఇంటి యజమానికి పని పోయి చాల నెలలైనది. ఐదుగురు మనుషులు. ఆ చెల్లెలు తలుపు సందునుండి చూచి, “అక్కా, మళ్ల రండి” అన్నది. నేను మళ్లీ వెళ్లినాను. రెండవసారి తలుపు తీయలేదు. నేను పుస్తకములో ఆ పేరు ఎదుట గీత గీసుకొని వచ్చినాను.

ఈస్టరునాడు వారు గుడికి రాలేదు. విందు బాగుగా జరిగినది. బిర్యానీ మిగిలినది కూడ. మిగిలినదానిని ఎవరింటికి పంపుదామని మాట్లాడుకొంటుంటే నాకు ఆ తలుపు జ్ఞాపకము వచ్చినది. చిన్ననాడు నేను తలుపు వెనుక గిన్నె దాచినాను. ఇప్పుడు నా మూలముగా ఒక కుటుంబమే తలుపు వెనుక దాగినది. మిగిలిన అన్నము పంపుటకు నాకు చేతులు రాలేదు. మరునాడు వట్టి చేతులతో వెళ్లి ఆ చెల్లెలితో క్షమాపణ చెప్పినాను. ఆమె పెరటిలో కాచిన మునగకాయలు నాలుగు నా సంచిలో వేసి, “ఇవైతే నేను తెస్తుంటి గద అక్కా” అన్నది. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికి నిద్రలో వినబడుతుంది.

కనుక నా విన్నపము ఇది. ఈ శత వత్సరోత్సవపు ఈస్టరు నుండి మన ప్రేమ విందుకు తలసరి చందా వద్దు. బియ్యము, పప్పు, మాంసము సంఘ నిధినుండి, ఇయ్యగలవారు రహస్యముగా ఇచ్చే కానుకనుండి వచ్చును గాక. ప్రతి కుటుంబము ఒక్క కూర తేవలెను. మునగకాయలు కావచ్చును, పిడికెడు చింతచిగురు కావచ్చును, ఒక ఆనపకాయ, ఒక పుంటికూర కట్ట కావచ్చును. పచ్చివి తెచ్చినా సరే, వండి తెచ్చినా సరే. అంగడిలోనో రైతు బజారులోనో కొని తెచ్చినా, పెరటినుండి తెచ్చినా, మందు పడని గట్టునుండి తెచ్చినా బల్ల మీద ఒకే వరుసలో పెట్టుదాము. ఎవరు ఏది తెచ్చినారో రాసుకొనుటకు పుస్తకము వద్దు.

వానలు పడగానే ప్రతి ఇంటి పెరటిలో ఒక మునగకొమ్మ నాటండి. కొమ్మ నాటితే త్వరగా కాపుకు వస్తుంది. జాగా లేనివారు పగిలిన బకెటులో పుంటికూర, తోటకూర చల్లుకొనవచ్చును. పండుగ ఇంకా నెల ఉన్నదనగా ఆకుకూర విత్తులు చల్లితే పండుగ వేళకు చేతికి వస్తుంది. సండేస్కూలు పిల్లల చేత లెంటు కాలములో ఈ పని చేయిస్తే వాక్యముతోపాటు నేల కూడ నేర్చుకొంటారు.

పగ ఉన్న ఇంట కొవ్విన మాంసముకంటె ప్రేమ ఉన్న ఇంటి ఆకుకూర మేలన్న భావము సామెతల గ్రంథము 15వ అధ్యాయములో ఉన్నది. మనము దానిని బీదవారికి ఓదార్పు మాటగా చదువుతాము. అది కలిగినవారికి చెప్పిన హెచ్చరిక అని నేను ఆలస్యముగా తెలిసికొన్నాను.

ఈస్టరు ఉదయము మగ్దలేనే మరియ ఏడుస్తూ ప్రభువును చూచి తోటమాలి అనుకొన్నదని యోహాను సువార్తలో ఉన్నది. ఆయనను గుర్తుపట్టకపోవుట ఆమె పొరపాటు. అయితే తోటలో, తెల్లవారుజామున, మంచు తడి మీద నిలబడినవాడు ఒక తోటమాలివలె కనబడినాడంటే నాకు ఎంతో ఆదరణగా ఉంటుంది. మా ఊరి సమాధుల తోటలో ఒడి నిండ చింతచిగురుతో నిలబడిన మా అమ్మ కూడ ఆ వేళ నాకు అట్లే జ్ఞాపకము వస్తుంది. ఈ పండుగకు మీరు వండే కూరగిన్నెను తలుపు వెనుక పెట్టకుడి. బల్ల నడుమ పెట్టండి.

 ప్రభువు లేచెను, నిజముగా లేచెను. సెలవు.